సాయిశంకర్ దూకిన రాయి

విశాఖ పక్కన యారాడ తీరంలో ఉండే గంగాలమ్మకి కొడుకు ఫుట్‌బాల్ ఆడతాడని తెలుసు గానీ, వాడికంత పేరుందని ఆ రీల్ వచ్చాకే తెలిసింది.

సాయిశంకర్ కేరళలో ఓ క్లబ్బుకి ఆడుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు కొండ కింద రాయి మీంచి ఎగిరి, గాల్లోనే బంతిని తలతో కొట్టి అలలో పడ్డాడు. స్నేహితుడెవడో ఫోన్లో తీస్తే, వాడు తన పేజీలో పెట్టాడు. వాడు మ్యాచుల్లో కొట్టిన గోల్స్ పట్టించుకోనివాళ్లు కూడా లక్షలమంది ఆ దూకడం చూశారు.

అక్కడ నీరు లోపలికి లాగేస్తుంది. ఆ అలల్లో పెరిగినవాడు కాబట్టి సాయిశంకర్ పక్కకి ఈదుకుంటూ వచ్చేశాడు. రీల్లో ఆ ముక్క లేదు.

ఇక ఆదివారమైతే చాలు, కుర్రాళ్లు బళ్లేసుకుని దిగిపోయేవారు. ఒడ్డున చేపలు వేపి అమ్మే గంగాలమ్మతో, ‘సాయన్న వాళ్లమ్మ’ అంటూ ఫొటోలు దిగేవారు. రాయెక్కడని అడిగితే ఆవిడే చూపించేది.

"అద్గదీ. దిగొద్దు బాబూ, మావోడంటే ఈ నీటిలో పుట్టినోడు" అనేది. ఆ హెచ్చరికలో భయం కన్నా మురిపెమే ఎక్కువ.

భర్త అర్జునరావు మాత్రం కొడుక్కి ఫోన్ చేసి అరిచాడు. "ఆ ఈడియో తీసెయ్‌రా! ఎవుడో ఒకడు పోతాడు."

"నాను దూకమన్నానేటి నాన్నా? క్లబ్బోల్లే ఉంచమన్నారు."

సముద్రం పోటు మీదున్న ఓ ఆదివారం ఆనందపురం నుంచి చందు అనే డిగ్రీ కుర్రాడొచ్చాడు. గంగాలమ్మ దగ్గర చేపముక్క తిని, బాగుందన్నాడు. బంతి పట్టుకుని రాయెక్కాడు. స్నేహితులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. బంతి ఒక్కటే ఒడ్డుకొచ్చింది.

అర్జునరావు పడవేసుకుని చీకటి పడేదాకా వెతికాడు. మర్నాడు పొద్దున్నే శవం తేలింది.

చందు తల్లి కుసుమకుమారి ఇసుకలో కూలబడిపోయింది. గంగాలమ్మ గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లింది.

"నువ్వేనా సాయిశంకర్ తల్లివి?"

"అవునమ్మా."

తిడుతుందనుకుంది గంగాలమ్మ. తిట్టలేదు. గ్లాసు అందుకుని, "మావోడి ఫోన్ నిండా మీవోడి బొమ్మలే" అంది కుసుమకుమారి.

గంగాలమ్మ ఇంటికెళ్లి కొడుక్కి ఫోన్ చేసింది. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. వీడియో తీసేసి, క్లబ్బువాళ్లు రాసిచ్చిన సంతాపం పెట్టాడు. హంతకుడని తిట్టినవాళ్లున్నారు, వాడి తప్పేముందని కొట్లాడినవాళ్లున్నారు.

"ఫాలోవర్లు తగ్గనేదమ్మా, ఇంకా పెరిగేరు" అన్నాడు వాడు రెండ్రోజులకి ఫోన్ చేసి, భయపడిపోతూ.

తీసేసిన వీడియో అప్పటికే ఎవరెవరి పేజీల్లోకో పోయింది. చందు దూకిన వీడియో కూడా.

మరుసటి ఆదివారం జనం ఇంకా ఎక్కువొచ్చారు. గంగాలమ్మ పొయ్యి ముట్టించలేదు. రాయికి అడ్డంగా కూర్చుంది.

"ఎల్లిపోండి! ఇక్కడ పిల్లోడు సచ్చిపోనాడు!"

"అమ్మా, ఒక్కసారిటు చూడండి. సాయన్న గురించి రెండు మాటలు చెప్పండి" అన్నాడు ఒకడు, ఫోనెత్తి.

ఆవిడ కొంగు మొహమ్మీదకి లాక్కుంది గానీ లేవలేదు. కాసేపటికి అర్జునరావు వచ్చి పక్కన కూర్చున్నాడు.