వస్తున్నానండీ

గిన్నెలు తోముతుంటే హాల్లోంచి నా గొంతు వినపడింది. "వస్తున్నానండీ!"

నేను నోరు తెరవలేదు. అయినా కాళ్ళు కదిలాయి. సబ్బు నురగ చేతులతో గుమ్మం దాకా వెళ్ళిపోయాను కూడా. మా ఆయన సోఫాలో నా ఫోను పట్టుకుని నవ్వుతున్నాడు. "నీ గొంతు నిన్నే బోల్తా కొట్టించిందే!"

వచ్చే వారం నా ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఇకమీదట మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచే ఊపిరి. రోజూ అవసరమయ్యే మాటలు ముందే రికార్డు చేసుకోమనీ, బటన్ నొక్కితే ఫోను నా గొంతుతోనే పలుకుతుందనీ ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయి చెప్పింది.

రెండేళ్ళ కిందట గొంతు బొంగురుపోతే "అరిచి అరిచి తెచ్చుకున్నావ్" అన్నాడు మా ఆయన. నేనెప్పుడు అరిచానో నాకైతే గుర్తులేదు. ఆఫీసులో ఫోన్లెత్తే సీట్లోంచి తీసి ఫైళ్ళ గదిలో పడేశారు. మెట్లెక్కితే ఆయాసమంటే "ఒళ్ళు తగ్గించు" అంది అత్తయ్య. గొంతులోంచి ముక్క తీసి పరీక్షకు పంపితే ఏమీ లేదని వచ్చింది. ఇంకేముంది, అంతా నా అనుమానమేనని ఇంట్లో తేల్చేశారు. డాక్టరమ్మ ఒక్కతే వదల్లేదు. స్కాన్ తీయించింది. పైపొర కింద, గొంతు చుట్టూ ఉంగరంలా ఉండే మృదులాస్థిలో ఉందట గడ్డ. పైపైన గిల్లితే దొరకదట. చాలా అరుదైన క్యాన్సర్, మెల్లగా పెరుగుతుంది, మందులకు పెద్దగా లొంగదు, కోసి తీయడమే దారి అంది. ఉంగరం సగానికి పైగా పాడైంది కాబట్టి కొంచెం తీసి ఊరుకునే వీలూ లేదట. "నీకేదీ మామూలుగా రాదు కదా" అన్నాడు మా ఆయన. నన్ను నవ్వించాలనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఏ మాటలు దాచుకోవాలో వాళ్ళే చెప్పారు. "'భోజనానికి రండి' పెట్టమ్మాయ్" అంది అత్తయ్య. "'బట్టలు ఇస్త్రీ చేశాను' కూడా" అన్నాడాయన. "వస్తున్నానండీ" కూడా ఆయన అడిగిందే. అన్నీ పలికాను. అప్పట్నుంచీ ఆయన సరదాకి బటన్ నొక్కినప్పుడల్లా ఇల్లంతా నేనే. స్నానం చేస్తుంటే పడగ్గదిలోంచి వస్తున్నానంటాను. బట్టలారేస్తుంటే వంటింట్లోంచి భోజనానికి పిలుస్తాను. చచ్చాక దయ్యమై తిరగడం విన్నాను గానీ, బతికుండగానే నా దయ్యం నా ఇంట్లో చాకిరీకి కుదిరింది. రేపు నేను లేకపోయినా ఈ ఇంట్లో నేను వస్తూనే ఉంటాను.

మర్నాడు ఆస్పత్రిలో, మాట నేర్పే అమ్మాయి ముందే ఆ మాట చెరిపేశాను.

"అయ్యో, అది రోజూ కావాలి కదండీ?"

"అందుకే తీసేశాను. దాని చోట ఇంకోటి పెడతాను."

మొదటిసారి గొంతు వణికింది. రెండోసారి వణకలేదు. ఆ అమ్మాయి విని, నెమ్మదిగా అడిగింది. "చివర 'అండీ' పెడతారా?"

"వద్దు."

తలుపు బయట మా ఆయన కుర్చీ కిర్రుమంది. "ఏమోయ్, ఇంకా ఎంతసేపు? అమ్మకి అన్నం పెట్టాలి, రా!"

ఇంకో వారం దాకా నా గొంతు నాదే, నోటితోనే చెప్పొచ్చు. అయినా ఫోను తలుపు వైపు తిప్పి, బటన్ నొక్కాను.

"వినపడింది. రాను."