సీటు తడుస్తదని

పొద్దుగాల లేచి కారు కడుగుడు నా పని. కారు మాది కాదు, సేటుది. మా ఆయన కరుణ్ దాన్ని ఎయిర్‌పోర్టు కిరాయిలకు తిప్పుతడు. రాత్రి కిరాయిల నుంచి వచ్చి ఆయన పండుకున్నంక నేను సంపు కాడి నుంచి బకెట్లు మోసి, అద్దాలు తుడిచి, సీట్ల సందుల్ల ఎవరో తిని పడేసిన చిప్స్ ముక్కలు ఏరి, ఎవరి పిల్లనో కక్కితే ఆ మరక రుద్ది, అప్పుడు పొయ్యి ముట్టించాలె. ఆ తర్వాత పాల్మాకుల నుంచి శంషాబాద్‌కు షేర్ ఆటోల, సగం సీటు మీద, పక్కోని మోచెయ్యి తగలకుండ బ్యాగు అడ్డం పెట్టుకుంట పోవాలె. అక్కడి హోటల్ల దుప్పట్లు ఉతికే కాడ నా నౌకరి.

వాడకట్టోళ్లు మాత్రం "మీకేందమ్మా, కారున్నోళ్లు" అనేటోళ్లు. ఆ కార్ల నేను ఒక్కనాడు కూసోలె. మా ఆయనను అడిగితే, ఎంత దూరం తిరిగిందో మీటర్ల సేటుకు తెలుస్తదనేటోడు. దోస్తులను ఎక్కించుకొని షాద్‌నగర్ దాబాకు పోయిననాడు మీటరు తిరగలేదా అని నేను అడగలె. అడగకపోవుడే సంసారం అనుకున్న. మా అత్త యేసుమణి కూడా, "మనకు అన్నం పెట్టే కారు, దాని మీద ఆశ పెట్టుకోకు" అనేది. ఆమె మోకాళ్లు వాచి ఉంటయి. ఆదివారం చర్చికి పోను ఆటో రాడ్డు పట్టుకొని, ప్రభువా ప్రభువా అనుకుంట ఎక్కుతది. కొడుకును మాత్రం ఒక్క మాట అననియ్యది.

ఎయిర్‌పోర్టు వచ్చిన నాలుగేండ్లకు, ఆ వానాకాలం మా బిడ్డ హెప్సికి జ్వరమొచ్చింది. శంషాబాద్ దవాఖానల చూపించుకొని బయటికొచ్చేసరికి వాన దంచుతున్నది. ఆటోలన్నీ నిండిపోయి పోతున్నయి, చెయ్యెత్తితే ఒక్కడు ఆపలె. పిల్లను సంకనేసుకొని, దాని నెత్తి మీద నా చున్నీ కప్పి, రోడ్డు అంచున నడుస్తున్న. ఎదురుంగ మా కారొచ్చింది. నంబర్ చూడకముందే గుర్తుపట్టిన. నేను తోమిన బండి నాకు తెలువదా? ఎనక సీటు ఖాళీ. హెప్సి "డాడీ" అన్నది. ఆయన మా దిక్కు చూసిండు. జర స్లో కూడా చేసిండు. ఆపుతడని రెండడుగులు ముందుకేసిన. బండి పోయింది. గుంతల నీళ్లు ఇద్దరి మీద పడ్డయి.

ఆయన ఇంటికొచ్చినంక అడిగిన, చూసినవా లేదా అని. ఆయన అన్నం కలుపుకుంటున్నడు. నేనే వండి పోయిన అన్నం.

"చూసిన. మొత్తం తడిసున్నరు. ఎయిర్‌పోర్టుల పికప్ ఉండె. మనిషి తడిస్తే ఆరుతది, సీటు తడిస్తే వాసనొస్తది."

చెడ్డ మాట అన్నట్టు కూడా లేదు ఆయన ముఖం. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పిండు. నాకు ఒళ్లంత మండింది. ఇన్నేండ్లు బకెట్ల నీళ్లల్ల నేను తడిసింది, పురిట్ల తడిసింది, ఈయన తాగి కక్కుకున్న రాత్రులు తడిసింది, అన్నీ ఆరిపోయినయని అనుకుంటున్నడు ఈ మనిషి. కాలుతున్న పిల్ల కన్న ఎవరో కూసునే రెగ్జిన్ ముక్క ఎక్కువైంది. ఆ సీటుకు ఉన్న ఇజ్జత్ నాకు లేదు, నేను కన్న పిల్లకు లేదు.

తెల్లారి నాతోని పనిచేసే రుక్కమ్మను అడిగితే, వాళ్లింటి ఎనక గది చూపించింది. హోటల్ నుంచి నడిచేంత దూరం. బడి కూడా అంతే. హెప్సికి జ్వరం తగ్గినంక బట్టలు సర్దిన. కరుణ్ నవ్విండు, నాల్గు దినాలకు నువ్వే వస్తవని. ఆయన డ్యూటీకి పోయిండు.

గిన్నెలు గోనెసంచిల కడుతుంటే అత్త వచ్చి ఎదురుంగ కూసున్నది. అడ్డం పడుతదనుకొని, అనేటివన్నీ గొంతుల పెట్టుకొని తయారుగున్న. ఆమె చాలాసేపు మోకాళ్లు రాసుకున్నది.

"ఆ గదిల నాకు జాగ ఉంటదా, సునీలా?" అన్నది.

నాకు ఆమె మీద కోపం పోలె. ఆ కోపంతోటే అడిగిన, మరి నీ కొడుక్కు వండేదెవరని.

"కారున్నది గదా" అన్నది అత్త, "యాడికన్న పోయి తింటడు."