నెల్డా కౌగిలికి అందని పిస్టల్

పిన్ ఓక్‌లోని మా బాప్టిస్టు చర్చి తలుపు దగ్గర నెల్డా ప్రూయిట్ ఇరవై రెండేళ్లుగా నిలబడుతోంది. వచ్చినవాళ్లను కౌగిలించుకుని లోపలికి పంపడం ఆమె పని. ఆదివారానికి సగటున నూట పన్నెండు కౌగిళ్లు. ఈస్టరుకు రెండు వందలు దాటుతాయి. భర్త హార్లన్ చనిపోయిన వారం కూడా ఆమె అక్కడే ఉంది. ఇంట్లో ఉండి ఏం చేయాలో తెలియలేదని తర్వాత ఎవరితోనో అంది.

మార్చిలో చర్చి భద్రతా కమిటీ ఒక నియమం చేసింది. తలుపు దగ్గర నిలబడే మనిషి ఒంటి మీద తుపాకి ఉండాలి. అది తగిలి గానీ, కనిపించి గానీ ఎవరికైనా పట్టుబడితే ఆ మనిషి తలుపు వదిలేయాలి. నియమం రాసింది కమిటీ అధ్యక్షుడు రాండల్ స్టబ్స్. వయసు నలభై ఏడు. ఆరేళ్లు పోలీసు షెరిఫ్ దగ్గర డెప్యూటీగా చేశాడు. నియమం చదివి వినిపించాక, మిస్ నెల్డాకు కష్టమైతే తన భార్య జోలీన్ సిద్ధంగా ఉందని చెప్పాడు. జోలీన్ కౌగిలించుకోదు. చెయ్యి కలుపుతుంది. కలిపాక శానిటైజర్ రాసుకుంటుంది.

"శుక్రవారం సాయంత్రం పరీక్ష, మిస్ నెల్డా," అన్నాడు రాండల్. "నేనే కౌగిలించుకుంటాను. నాకు తగలకపోతే తలుపు మీదే."

నెల్డా ముప్పై నాలుగేళ్లు బడి వంటశాలలో పనిచేసింది. ఊళ్లో యాభై లోపు వాళ్లందరికీ వడ్డించిన మనిషి.

"మూడో క్లాసులో చొక్కాలో కప్పను పెట్టుకుని నా వరసలోకి వచ్చావు. అది నాకు తెలీదనుకున్నావా?" అంది.

"అది కప్పండీ."

"అదే చెప్తున్నాను. కప్పనే దాచలేనివాడివి."

బుధవారం పొద్దున్న ఆమె కాయ్ లాండ్రమ్ దుకాణానికి వెళ్లింది. హైవే పక్కన ఉంటుంది. ఎడమ వైపు తుపాకులు, కుడి వైపు చేపల ఎరలు.

"రండి, మిస్ నెల్డా. ముందు మీ చేతికి ఏది కుదురుతుందో చూద్దాం," అన్నాడు కాయ్.

"చేతికి కాదురా. కౌగిలికి."

కాయ్ నాలుగు పిస్టళ్లు బల్ల మీద పరిచాడు. చిన్నది దాగుతుంది గానీ పేలిస్తే మణికట్టు అదురుతుంది, గురి తప్పుతుంది. పెద్దది గురికి మంచిది గానీ చొక్కా మీద దాని ఆకారం తెలిసిపోతుంది. ఎవరు కొనడానికి వచ్చినా ఈ రెంటి మధ్యే కొట్టుమిట్టాడతారని చెప్పాడు.

"నడుం ముందు పెట్టుకుంటే?" అని అడిగాడు.

"మర్ల్ టకెట్ పొట్ట సరిగ్గా అక్కడికే వస్తుంది," అంది నెల్డా.

"నడుం వెనక?"

"మన పాస్టరు బ్రదర్ వెండెల్ చెయ్యి పడేది అక్కడే. మూడుసార్లు తడతారు."

"చంక కింద?"

"పాటలు పాడే ఆడవాళ్లంతా అక్కడే పట్టుకుంటారు. ఎందుకో తెలీదు."

"చీలమండకి?"

"హాబ్స్ వాళ్ల కవల పిల్లలు. ఇద్దరూ చెరో కాలూ వాటేసుకుంటారు."

"చేతిసంచిలో?"

"సంచి బెంచీ కింద పెడతాను. పిల్లలు పిప్పరమెంట్ల కోసం అందులో చేతులు పెడతారు."

"అయితే సంచి వద్దు," అన్నాడు కాయ్. ఆ ఒక్క మాట మాత్రం ఆలోచించకుండా అన్నాడు.

ఇక పెట్టుకుని చూడటమే మిగిలింది. కాయ్ మొదటి పిస్టల్ తీసి తూటాలు లేవని రెండుసార్లు చూశాడు. ఆమెకూ చూపించాడు. ఆమె దాన్ని నడుం పక్కన పెట్టుకుంది. కాయ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి కౌగిలించుకున్నాడు.

"తగిలింది," అన్నాడు.

"నీదీ తగిలింది. ఈ మధ్య చిన్నదానికి మారావు."

కాయ్ రెండడుగులు వెనక్కి వేసి చొక్కా సర్దుకున్నాడు.

అప్పుడే లానీ యోకమ్ ఎరల కోసం వచ్చాడు. కాయ్ ఒక్కడి కౌగిలి మీద తీర్పు చెప్పడం న్యాయం కాదని అతన్నీ నిలబెట్టారు. తర్వాత చేపల లైసెన్సు కోసం ఇద్దరు, తూటాల కోసం ఎనిమిది మంది వచ్చారు. పదిన్నరకి పదకొండు మంది మగాళ్లు టోపీలు చేతబట్టుకుని వరసలో ఉన్నారు. బయట వరస చూసి ఒకడు ఏదో తగ్గింపు ధర అనుకుని వచ్చి నిలబడ్డాడు. తన వంతు వచ్చేదాకా ఆ వరస దేనికో అడగలేదు.

నాలుగూ అయ్యాక కాయ్ ఇంకొన్ని తీశాడు. ప్రతి పిస్టలూ ఎవరికో ఒకరికి తగులుతూనే ఉంది. నెల్డా మాత్రం పనిలో పనిగా మాట్లాడుతోంది.

"లానీ, నీది క్రిస్మస్ నుంచి జారుతోంది. బెల్టు మార్చు."

"మీకెలా తెలుసండీ?"

"ఆదివారం ఆదివారం నా పక్కటెముకకి గుచ్చుకుంటోంది కాబట్టి."

వరసలో ఉన్నవాళ్లు ఒకరి చొక్కాలు ఒకరు చూసుకున్నారు. ఇద్దరు పని గుర్తొచ్చిందని వెళ్లిపోయారు.

కాయ్‌కి కాస్త రోషం వచ్చింది. "నేను అమ్మినవాటిలో మీకు ఇప్పటిదాకా తగలనిది ఒకటుంది," అన్నాడు.

"ఎవరిది?"

"డాక్టరు రోగం పేరు బయట చెప్తాడా? నేనూ అంతే."

"మన చర్చిలోనా?"

"మన చర్చిలోనే."

"అబద్ధాలు మాట్లాడకు," అంది నెల్డా. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు.

చివరికి అన్నిటికంటే తక్కువమందికి తగిలిన తొమ్మిదో పిస్టల్ తీసుకుంది. అరచేతి కంటే కొంచెం పెద్దది, ఆరు తూటాలు పడతాయి. పొట్టకి చుట్టుకునే వెడల్పు పట్టీ కూడా కొంది. దుకాణం వెనక కాగితం మీద ఇరవై సార్లు కాల్చింది. పదిహేడు తగిలాయి. బడిలో పప్పు వడ్డించిన చెయ్యి వణకదని కాయ్ మెచ్చుకున్నాడు. శుక్రవారం దాకా ఇంట్లో హార్లన్ కోటును తలుపుకి తగిలించి, పట్టీ పైకీ కిందకీ జరుపుతూ, దాన్ని కౌగిలించుకుంటూ సాధన చేసింది. కోటు ఏమీ పట్టుకోలేకపోయింది.

పరీక్ష చర్చి భోజనాల హాల్లో. నెల్డా పీచ్ పళ్లతో కాబ్లర్ అనే తీపి వంటకం చేసి తెచ్చింది. కమిటీలో ఏడుగురు. రాండల్, జోలీన్, లానీ, మర్ల్ టకెట్, బ్రదర్ వెండెల్, ఆయన భార్య మార్జీన్, ఓపల్ బర్డ్‌సాంగ్. ఓపల్ వయసు తొంభై ఒకటి. చర్చికి స్థలం ఇచ్చిన మనిషి భార్య కాబట్టి ప్రతి కమిటీలోనూ ఆమె పేరు ఉంటుంది. మోకాళ్ల మీద బొంత కప్పుకుని చక్రాల కుర్చీలో నిద్రపోతోంది.

రాండల్ వచ్చి నెల్డాను కౌగిలించుకున్నాడు. రెండు సెకన్లు పట్టింది.

"ఎడమ వైపు, పక్కటెముకల కింద," అన్నాడు.

నెల్డా ఒప్పుకుంది. జోలీన్ లేచి నిలబడింది.

"కూర్చో జోలీన్," అంది నెల్డా. "రాండల్, నియమం ఇంకోసారి చదువు. ఎవరికి వర్తిస్తుంది?"

"ఎవరికైనా."

"సరే. జోలీన్, నీది కుడి బూటులో. మెట్ల మీద ఆ కాలు ముందు పెట్టవు. మర్ల్, నీది పొట్ట కింద. తీయాలంటే ఇద్దరు సాయం పట్టాలి. లానీకి దుకాణంలోనే చెప్పాను. రాండల్, నీకు రెండు. ఒకటి నడుం దగ్గర, ఒకటి చంక కింద. రెండోది పోయిన వేసవి నుంచి."

జోలీన్ అతని వైపు చూసింది. రెండోది ఆమెకూ కొత్త కబురే.

"మార్జీన్ దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. బ్రదర్ వెండెల్..."

"నాకు దేవుడే డాలు అని ఎన్నిసార్లు ప్రసంగించాను, సిస్టర్ నెల్డా," అన్నాడాయన.

"నిజమేనండీ. కోటు లోపలి జేబులో ఉన్నది మాత్రం దేవుడు కాదు."

మార్జీన్ లేచింది. "వెండెల్! అది కళ్లద్దాల పెట్టె అన్నావు కదా!"

"కళ్లద్దాలూ ఉన్నాయి అందులో," అన్నాడాయన.

మర్ల్ కాబ్లర్ వడ్డించుకున్నాడు. నియమం ప్రకారం తలుపు దగ్గర నిలబడటానికి ఆ హాల్లో ఎవరూ పనికిరారు. రాండల్ గొంతు సవరించుకుని, "ఎవరికీ పట్టుబడని తుపాకి ఉన్నవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు.

ఎవరూ ఎత్తలేదు. ఉన్నవాళ్లు ఎత్తితే పట్టుబడిపోతారని లానీ గుర్తు చేశాడు. రాండల్ అది రాసుకున్నాడు.

ఓపల్ చెయ్యి లేచింది.

"బాత్రూముకా, మిస్ ఓపల్?" అన్నాడు రాండల్.

"నీ మొహం," అని ఆమె బొంత తీసింది. కుర్చీ పక్కన కుట్టించిన తోలు ఒరలో రివాల్వర్ ఉంది. పొడవు ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది.

నెల్డా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎన్నాళ్ల నుంచి?"

"పద్నాలుగేళ్లు. నువ్వు వంగి భుజాలు పట్టుకుని వదిలేస్తావు పిల్లా. మోకాళ్ల దాకా ఎప్పుడైనా వచ్చావా?"

"ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది కాబట్టి మీరూ పనికిరారు," అన్నాడు రాండల్.

"నేను చూపించాను. నువ్వు పట్టుకోలేదు. తగిలి గానీ, కనిపించి గానీ పట్టుబడితే అని రాశావు. చూపిస్తే ఏమవుతుందో రాశావా?"

రాయలేదు. దాని మీద నలభై నిమిషాలు వాదించుకున్నారు. ఓట్లలో నాలుగు ఓపల్‌కి, మూడు వ్యతిరేకం. నాలుగింటిలో ఒకటి జోలీన్‌ది.

"తలుపు నాది కాబట్టి చెప్తున్నాను," అంది ఓపల్. "చెయ్యి ఎత్తగలను గానీ ఎవరి చుట్టూ వెయ్యలేను. కౌగిళ్లకి ఒక మనిషి కావాలి. ఆ మనిషి దగ్గర తుపాకి ఉండకూడదు. ఒక తలుపుకి ఒకటి చాలు." నెల్డా వైపు చూసింది. "ఆ పట్టీ విప్పేసి రా. ఊపిరాడక మొహం ఎర్రబడింది."

నెల్డా పిస్టల్ ఇప్పుడు హార్లన్ జింకల వేట తుపాకులున్న ఇనప బీరువాలో తాళం కింద ఉంది.

ఆదివారం వరస ఆలస్యంగా నడిచింది. అందరూ తుపాకుల చోట్లు మార్చుకుని వచ్చారు. లానీ మోకాలు వంచకుండా నడిచాడు. రాండల్ రెండడుగుల దూరంలో ఆగి చెయ్యి చాచాడు. నెల్డా ఆ చెయ్యి పట్టుకునే దగ్గరికి లాక్కుంది.

"వీపు మీదికి మార్చావేంట్రా? కూర్చోవడం ఎలా?"

"సర్దుకుంటానండీ."

ప్రసంగం పదకొండు నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. రాండల్ అంతసేపూ ముందుకి వంగి కూర్చున్నాడు. పరాయి ఊరి నుంచి వచ్చిన ఒకామె అది భక్తి అనుకుంది.

అంతకుముందు, వరస అయిపోయాక, నెల్డా ఓపల్ దగ్గరికి వెళ్లింది. ముసలావిడ పదీ నలభైకే నిద్రలోకి జారుకుంది. నెల్డా వంగి భుజాలు పట్టుకుంది. ఈసారి అక్కడ వదల్లేదు. మోకాళ్ల దాకా వెళ్లింది. బొంత కింద కుర్చీ చట్రం తగిలింది. ఒర తగిలింది. ఒర ఖాళీగా ఉంది.

"మార్చాను పిల్లా," అంది ఓపల్, కళ్లు తెరవకుండా. "వెతుక్కో."