రెండు జాముల నీళ్లు

నీళ్లు మళ్లడం లేదు.

కర్నూలు పాతబస్టాండు వెనక, మేడ మీది గదిలో కూర్చుని ఫిరోజా ఆ నీళ్ల చప్పుడు వింటోంది. ఫోను స్పీకరులోంచి వస్తోంది అది, నిద్రలో వినిపించే వానలాగా. నీళ్లు పారుతున్న తోట రాజంపేట దగ్గర ఉంది. ఆ చప్పుడు మీదుగా రైతు దాసన్న గొంతు తేలి వచ్చింది.

"నా బొప్పాయి తోట మడుగైపోయిందమ్మా. నా వంతు అయిపోయి శానాసేపాయె. నీళ్లింకా నాకే వస్తాండాయి. మా తమ్ముడు ఏసన్న గడ్డపార పట్టుకోని బోరుకాడ నిలబడుండాడు. నేనే మళ్లించుకున్యానని వాని అనుమానం."

"ఆయన్ని మాటల్లో పెట్టు దాసన్నా. ఇప్పుడే మళ్లిస్తాం."

అన్నదమ్ములిద్దరికీ ఒకటే బోరు. పగలు కరెంటు ఉండే ఆరు గంటలే నీళ్లు. ముందు దాసన్న వంతు, తర్వాత ఏసన్న వంతు. ఆ వంతులు చూసుకునే ప్రోగ్రాము ఈ గదిలో రాసిందే. ఇక్కడి నుంచి ఎస్సెమ్మెస్ వెళితే అక్కడ వాల్వు తిరుగుతుంది. ఇవాళ తిరగలేదు. కరెంటు పోయేలోగా నీళ్లు అటు మళ్లకపోతే, ఏసన్న కొత్తగా నాటిన మొక్కలు ఈ మే ఎండకు బతకవు.

ఫిరోజాతోపాటు పనిచేసే అజయ్ ప్రోగ్రామును పక్కన పెట్టి, కంప్యూటరుకు తగిలించిన పాత సెల్‌ఫోను నుంచి తనే సందేశం పంపాడు. బయట రోడ్డు ఎండలో కరిగి ఊగుతోంది. ఫ్యాను గాలిలో కాయితాలు రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఫిరోజా కళ్లు మూసుకుంది. ఎర్రటి నేల మీద సన్నటి నీటిపాయ ఎటు పోవాలో తెలియక ఆగినట్టు, తలతిప్పి తన వైపు చూసినట్టు అనిపించింది.

చప్పుడు మారింది.

"మళ్లినాయి," అన్నాడు దాసన్న.

గదిలో ఎవరూ ఊపిరి పీల్చుకునేలోపే ప్రదీప్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. ఈ సంస్థ అతనిది. ఒకప్పుడు తనూ ప్రోగ్రాములు రాసినవాడే. గొంతు పెంచలేదు. దాసన్న ఊరి రైతులంతా ఇదే ప్రోగ్రాము తీసుకుంటామన్నారనీ, ఇప్పుడు వాళ్లకు ముఖం చూపించలేననీ, తప్పు చేసినవాళ్లు సాయంత్రంలోగా వెళ్లిపోవాలనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఫిరోజా వైపే చూశాడు. వంతుల లెక్క రాసింది ఆమే.

కర్నూలులో ఇలాంటి పని ఇంకొకటి లేదు. ఇంటికి నడిచి వెళ్లేంత దగ్గర కాబట్టే వాళ్ల నాన్న లాల్ అహమ్మద్ ఒప్పుకున్నాడు. హైదరాబాదు అంటే ఆయన వినడు. ఈ కుర్చీ పోతే ఆమెకు ఇంకో కుర్చీ లేదు.

అజయ్ తెర మీద, ప్రోగ్రాములో తప్పు జరిగిన వరుస వెతికి పట్టాడు.

అన్నదమ్ముల ఒప్పందం పెద్దల కాలం నాటిది. వంతులు జాముల్లో ఉంటాయి, ఒక్కొక్కరికి ఒక జాము. మోటారుకు తెలిసేవి గంటలు. జాముకు మూడు గంటలు. అందుకే ఫిరోజా జామును ఒక టైపుగా, అంటే ఒక రకం విలువగా, గంటను ఇంకో టైపుగా కట్టింది. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పెడితే ప్రోగ్రాము మొదలే కాదు.

అజయ్‌కి ఈ కట్టుబాట్లంటే చిరాకు. అతనిది ఎజైల్ పద్ధతి. కొంచెం రాయాలి, రైతుకు చూపించాలి, వారం తిరిగేలోగా మార్చాలి. కానీ ఏది రాసేముందైనా, అది సరిగ్గా పనిచేస్తుందో లేదో పట్టిచ్చే పరీక్ష ఒకటి రాసి పెట్టుకుంటాడు. నీ ప్రోగ్రాము పెండ్లి సంబంధం మాదిరి, గోత్రం చెప్పందే గడప తొక్కనీదని ఆమెను ఏడిపించేవాడు. నీది సత్రం, ఎవరొచ్చినా పండుకోవచ్చని ఆమె తిప్పికొట్టేది. ఈ గదిలో అందరూ ఒకే పేరుతో లాగిన్ అవుతారు కాబట్టి ఏ వరుస ఎవరిదో కంప్యూటరుకు తెలియదు.

ఇప్పుడు ఆ వరుసలో జాము లేదు, గంట లేదు. రెండూ ఉత్త అంకెలు. తమ్ముడి మొక్కల మీద జాలితో తన వంతును రెండు గంటలకు తగ్గించమని అడిగానన్నాడు దాసన్న ఫోనులో. ఎవరో టైపులు పీకేసి, జాములుండే చోట రెండు అని కొట్టారు. రెండు జాములు ఆరు గంటలైంది. ఉన్న కరెంటంతా దాసన్నకే రాసిపెట్టినట్టయింది.

ఫిరోజా కుర్చీ ముందుకు లాక్కుని ఆ వరుస మళ్లీ చదివింది. తన ఇంట్లో తనకు తెలియని మనిషి చెప్పులతో తిరుగుతున్నట్టుంది.

"ఇది ఫిరోజా రాసింది కాదు సార్," అన్నాడు అజయ్. "ఈమె చచ్చినా జామునూ గంటనూ ఒక చాప మీద కూచోబెట్టదు."

ఆమె అతని వైపు తిరిగింది. ఇలా అతను మాట్లాడతాడని అనుకోలేదు. తర్వాత నెమ్మదిగా మౌసు కదిపి, ఈ మార్పుకు పరీక్ష ఉందేమోనని వెతికింది. లేదు.

"అజయ్‌దీ కాదు సార్. టెస్టు రాయకుండా అజయ్ కామా కూడా పెట్టడు."

అయితే దయ్యాలొచ్చి రాసిపోయాయా అని ప్రదీప్‌కుమార్ నవ్వాడు. ఆ నవ్వు ఎండలో నీడలా పలచగా ఉంది.

దాసన్న ఇంకా లైనులోనే ఉన్నాడు. రెండు గంటల మాట ఎవరితో చెప్పావని ఫిరోజా అతన్ని అడిగింది. ప్రదీప్‌కుమార్ చెయ్యి ఫోను వైపు వచ్చింది. అజయ్ ఫోనును తన వైపు లాక్కున్నాడు.

"ఆదివారం మీరిద్దరూ రాలేదంట గదమ్మా," అన్నాడు దాసన్న. "ఫోనెత్తినాయన, ఇంతమాత్రానికి వాళ్లెందుకప్పా అన్యాడు. నేను లైనులో ఉండంగానే టకటకా కొట్టేసినాడు."

"పేరు చెప్పు దాసన్నా."

నీళ్ల చప్పుడు మీదుగానే జవాబు వచ్చింది.

"ప్రదీప్‌కుమార్ సారు."