మే నెలలో హీటర్

షాద్‌నగర్ దాటగానే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. క్యాబ్ డ్రైవర్ నిసార్ ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పెట్టాడు.

వెనక కూర్చున్న సునీత మండిపడింది. "మే నెలల హీటరేంది? నన్ను ఉడకబెడ్తున్నవా?"

"ఇంజన్ వేడి గిట్ల బయటికొస్తదక్కా. జర ఓర్చుకోండి. బండి ఆగితే మీ ఫ్లైట్ పోతది."

"ఎండలకు ముందే కూలెంట్ ఎందుకు పోయించలే?"

"పోయిస్త అనుకుంటనే ఎండలొచ్చినయ్. పొద్దుగాల నేను తాగే నీళ్లు గూడ రేడియేటర్లనే పోసిన." అతని పెదాలు పగిలి ఉన్నాయి.

ఇద్దరూ ముల్లునే చూస్తూ కూర్చున్నారు. శంషాబాద్ దగ్గర అది మెల్లగా దిగింది.

ఎయిర్‌పోర్టు ముందు, చెమటకు తడిసిన చీరతో దిగి, సునీత తన నీళ్ల సీసా అతని చేతిలో పెట్టింది.

"నా ముంగటనే తాగు. బండికి పోసినవంటే ఊకోను."