కట్టిన ఎడమచెయ్యి

వెంకట్రాములు కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయిన చలికాలంలో, అతని భార్య సుజనకు ఒక డాక్టరమ్మ కష్టమైన పని అప్పజెప్పింది. మెదడు మీద పరిశోధన చేస్తూ నెలకోసారి హైదరాబాదు నుంచి బాన్సువాడ దవాఖానకు వచ్చే మనిషి ఆమె.

"చెయ్యి చచ్చిపోలేదమ్మా. దాన్ని ఎట్లా ఆడించాలో మెదడు మరిచిపోయింది. ఎడమచెయ్యి అన్నీ చేసి పెడుతుంటే మళ్లీ ఎందుకు నేర్చుకుంటుంది? పగటిపూట ఎడమచెయ్యి కట్టెయ్యి. ఈ కొన్ని నెలలే అదను."

సుజన పాత దుప్పటితో సంచీ కుట్టి అతని ఎడమచేతికి తొడిగి, మణికట్టు దగ్గర ముడివేసేది. కంచంలో జొన్నరొట్టె తుంచిపెట్టి ఎదురుగా కూర్చునేది. అతను తిట్టేవాడు, ఏడ్చేవాడు. తన చేతులు సాయానికి పోకుండా ఆమె వాటిని పైటచెంగులో చుట్టుకునేది.

ఉగాది ముందర ఒక మధ్యాహ్నం అతని బొటనవేలూ చూపుడువేలూ కలిసి రొట్టెముక్కను పట్టుకున్నాయి. చెయ్యి వణుకుతూ గడ్డం దాకా లేచింది.

సరిగ్గా అప్పుడే అత్త పోసవ్వ, పిట్లం నుంచి పలకరింపుకొచ్చిన చుట్టాలను వెంటబెట్టుకుని లోపలికి వచ్చింది.

"గిదేందే! ఎడ్లను కట్టేసినట్టు కట్టేసినవ్ నా కొడుకును?"

"జర ఆగు అత్తమ్మా, నోటిదాంక వస్తుంది సూడు."

"నేనే గాదు, నలుగురు సూస్తుండ్రు. బుక్కెడు బువ్వకు ఏడిపిస్తున్నవ్."

"సదువుకున్న కోడలు గద వదినా, మొగునికి బడి పెట్టింది" అంది చుట్టాలామె. అందరూ నవ్వారు.

వెంకట్రాములు వేళ్లలోంచి ముక్క జారింది. పోసవ్వ ముడి విప్పేసింది. ఎడమచేత్తో తినడం ఆ ఇంట్లో తప్పు కనుక తనే అన్నం కలిపి నోట్లో పెట్టింది.

"నువ్వన్న చెప్పు" అంది సుజన మొగుడితో.

అతను తలెత్తలేదు. ముద్ద నములుతున్నాడు.

ఆ తర్వాత సంచీ తొడగబోతే అతనే విసిరికొట్టాడు. తల్లంటే పోసవ్వలా ఉండాలని వచ్చినవాళ్లంతా మెచ్చుకుని పోయారు. వరికోతల నాటికి కుడిచెయ్యి రొమ్ముకు ముడుచుకుపోయింది. గోళ్లు తియ్యాలంటే సుజన ఒక్కో వేలినీ విప్పాల్సి వచ్చేది.

చివరిసారి ముగ్గురూ దవాఖానకు పోయినప్పుడు డాక్టరమ్మ బల్ల మీద బిస్కెట్టు పెట్టి "తీసుకో అన్నా" అంది.

అతను కుడిచేతి వంక చూడలేదు. ఎడమదీ కదపలేదు. తల్లి వైపు తిరిగి నోరు తెరిచాడు.

పోసవ్వ బిస్కెట్టు తుంచి నోట్లో పెట్టి, మూతి తుడిచింది.

"సూసినవా డాక్టరమ్మా? నేను లేకుంటే పస్తులుంటుండె నా కొడుకు."