కన్ను జారిన మాట

అచ్చుతప్పులు పట్టడంలో ఆ ప్రెస్సులో ఆమెను మించినవారు లేరు. ‘పలకరింపు’ కాస్తా ‘పకలరింపు’గా పడితే మిగతావాళ్లు హాయిగా చదువుకుంటూ పోయేవారు. ఆమె ఎర్ర పెన్ను మాత్రం అక్కడే ఆగేది. “అక్షరాలు తారుమారైనా బుర్ర సర్దేసుకుంటుంది. ఉంటుందనుకున్నదే కంటికి కనిపిస్తుంది” అని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది.

ఆమె చెల్లెల్ని ఇంట్లో అందరూ వసపిట్ట అనేవారు. అక్కకు కుదిరిన సంబంధం తప్పిపోయిన సంగతిని ఆ పిల్ల ఒకసారి నలుగురిలో గలగలా వాగేసింది. అక్క ముఖం మాడ్చుకుని లేచి వచ్చేసింది. తర్వాత చెల్లెలు ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. అలా రెండేళ్లు గడిచాయి.

చెల్లెలికి గొంతులో కేన్సరని, ఆపరేషన్ చేస్తారని పిన్ని చెప్పినప్పుడు అక్క ప్రాణం కొట్టుకుంది. పంతం పక్కనపెట్టి, “చూడటానికి రానా?” అని మెసేజ్ పెట్టింది. ప్రూఫులు దిద్దుతుండగా జవాబు వచ్చింది. ఒకటే మాట. రావద్దు అని చదువుకుంది. ‘అంత పొగరా!’ అనుకుని ఫోను బోర్లించింది.

ఆపరేషన్ అయిన వారానికి చెల్లెలి భర్త ఫోను చేశాడు.

“ప్రాణగండం తప్పింది వదినా. కానీ స్వరపేటిక తీసేశారు, ఇక మాట రాదు. ఆపరేషన్ ముందురోజంతా మీకోసం గుమ్మం వైపే చూసింది. నర్సు అడుగుల చప్పుడైనా అక్కే వచ్చిందనేది.”

“అదేమిటి? రావద్దంది కదా!”

“లేదు వదినా. మీ మెసేజ్ నాకు చూపించి మరీ సంబరపడింది.”

ఆమె ఫోను తెరిచింది. రావచ్చు. అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్లీ చదివింది. రావచ్చు. తేడా అంతా చివరి ఒత్తక్షరంలోనే ఉంది. తను ఫోను ఎత్తనందుకు చెల్లెలికి కోపం పోయి ఉండదని నమ్మిన కళ్లకు కాదనే మాటే కనిపించింది.

ఆసుపత్రిలో మెడకు కట్టుతో కూర్చుని ఉన్న చెల్లెలి మంచం అంచున కూలబడి, అక్క జరిగిందంతా చెప్పేసింది. చెల్లెలు తెల్లబోయి చూసి, నవ్వేసింది. భుజాలు ఊగాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. శబ్దం మాత్రం లేదు. ఫోను తీసుకుని టైపు చేసింది: “నీ ఉద్యోగం ఊడబీకాలి.”

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. “ఆపరేషన్ ముందురోజు నేను వస్తే ఏం చెబుదామనుకున్నావే?”

చెల్లెలు ఏదో రాసింది. చెరిపేసింది. మళ్లీ రాసి, మళ్లీ చెరిపేసి, తల అడ్డంగా ఊపి ఫోను పక్కన పెట్టేసింది. రాస్తే వచ్చే మాటలు కావవి. అక్క ఆ చేతిని ఒళ్లోకి తీసుకుని, ఇక అడగలేదు.